వెనక యాక్సిల్ మూత

మా బావ పరువు తీయాలని నేను ఎనిమిదేళ్లు ఎదురు చూశాను. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే మధ్యలో ఎక్కడో నన్ను మంచిదాన్నని మీరు పొరబడే ప్రమాదం ఉంది.

నా పని కొండలెక్కే బండ్లకు గేర్లు కూర్చడం. ఈ బండ్ల వాళ్లకు పెద్ద టైర్ల పిచ్చి. పక్కవాడు ముప్పై మూడు అంగుళాలవి వేయించాడంటే వీడికి ముప్పై అయిదువి వేయించేదాకా నిద్ర పట్టదు. తీరా వేయించాక ఇంజను మూలగడం మొదలుపెడుతుంది. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకూ ఎక్కువ దూరం లాగాలి, ఆ బరువంతా ఇంజను మీదే పడుతుంది. అప్పుడు మొహం వేలాడేసుకుని నా దగ్గరకు వస్తారు. ముందు యాక్సిలూ వెనక యాక్సిలూ విప్పి, వాటి కడుపులో ఉన్న పళ్లచక్రాల జతలు రెండూ మార్చాలి. జతలో పెద్దది క్రౌను, దాన్ని కరుచుకుని తిప్పే చిన్నది పినియను. పినియనుకు పళ్లు తగ్గేకొద్దీ బండికి బలం వస్తుంది. చెప్పడానికి ఇంతే. కూర్చడంలో మాత్రం వెంట్రుకవాసి తేడా వచ్చినా గేరు కూత పెడుతుంది, నెల తిరక్కుండా పళ్లు రాలిపోతాయి.

ఈ పని నాకు నేర్పింది మా నాన్న. ఆయన నిష్పత్తులు, దశాంశాలు మాట్లాడేవాడు కాదు. క్రౌను పళ్లు ఎన్ని, పినియను పళ్లు ఎన్ని, అదే చెప్పేవాడు. "నలభై ఒకటికి తొమ్మిది", "ముప్పై తొమ్మిదికి ఎనిమిది". పెట్టె మీద ఏం రాసి ఉన్నా సరే, జత చేతిలోకి తీసుకుని పళ్లు వేలితో లెక్కపెట్టాల్సిందే. "పెట్టె కట్టినవాడు మధ్యాహ్నం నిద్ర ఆపుకుంటూ కట్టి ఉంటాడు. వాడి నిద్రమత్తుకు మనవాడి ప్రాణం ఎందుకు పోవాలి?" అనేవాడు. లెక్క అయ్యాక యాక్సిల్ మూత లోపలి వైపు ఉక్కు మొనతో గీకి నాలుగు సంగతులు రాయాలి. పళ్ల లెక్క, పళ్ల మధ్య సందు, తారీఖు, చివర కూర్చినవాడి గుర్తు. రంగుతో రాస్తే నూనెలో పోతుంది, గీకింది పోదు. లెక్కపెట్టినవాడే గీకాలి, గీకినవాడిదే పూచీ. నాన్న గుర్తు సున్నాలో చుక్క. నాది వట్టి సున్నా. బావది పైకి చూసే బాణం.

అవును, బావ కూడా నాన్న శిష్యుడే. పద్దెనిమిదో ఏట మా షెడ్డుకు వచ్చాడు, ఇరవై ఆరో ఏట అక్కను చేసుకున్నాడు. చెయ్యి మంచిదే, ఓపిక లేదు. వేలితో లెక్కపెట్టమంటే పెట్టె వైపు చూసి తల ఊపేవాడు. నోరు మాత్రం చాలా మంచిది. వచ్చినవాడికి కుర్చీ వేసి, కబుర్లు చెప్పి, వాడికి అక్కర్లేని పని కూడా వాడిచేతే అడిగించేవాడు. నాన్నకు అది నచ్చేది కాదు గానీ, కూతుర్ని ఇచ్చాక నచ్చకపోవడం కూడా కష్టమే.

ఎనిమిదేళ్ల కిందట ఒక సర్వేయరు బండి మా షెడ్డుకు వచ్చింది. భూములు కొలిచే మనిషి, ఆదివారాలు కొండలెక్కే సరదా. పెద్ద టైర్లు వేయించి, రెండు యాక్సిళ్లకూ ముప్పై తొమ్మిదికి ఎనిమిది పెట్టమన్నాడు. ఆ వారం నేను ముంజేయి విరిగి కట్టుతో ఇంట్లో ఉన్నాను. పని అయింది, ఆయన బండి తీసుకెళ్లాడు. రెండు రోజుల తర్వాత కొండ మీద రాతి వాలు ఎక్కుతూ మొదటిసారి నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేలా గేరు కలిపాడు. ముందు యాక్సిల్లో ఉన్నది ముప్పై తొమ్మిదికి ఎనిమిది. వెనక ఉన్నది నలభై ఒకటికి తొమ్మిది. ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఇంకో లెక్కన తిరగాలని పెనుగులాడాయి. మట్టి అయితే చక్రం కాస్త జారి సర్దుకునేది. రాతి మీద జారే వీల్లేక నడిపించే షాఫ్టు తెగింది, బండి వెనక్కి దొర్లింది. సర్వేయరు బతికాడు, ఎడమ కాలు మోకాలి దాకా పోయింది.

దొర్లిన బండిని కొండ మీంచి దింపి తెచ్చింది బావే. కొండలెక్కే వాళ్ల క్లబ్బు పెద్దలు షెడ్డుకు వచ్చేసరికి వెనక యాక్సిల్ విప్పేసి ఉంది, మూత లేదు.

"ముందుది నేను పెట్టాను, వెనకది మామ పెట్టాడు. మూత కొండ మీదే ఎక్కడో ఊడి పడిపోయింది" అన్నాడు బావ.

"వెనకదాన్ని నేను ముట్టుకోలేదు" అన్నాడు నాన్న.

అప్పటికి నాన్న కళ్లద్దాలు సీసా అడుగుల్లా ఉండేవి, టీ గ్లాసు పట్టుకుంటే వేళ్లు వణికేవి. వచ్చినవాళ్లు ఆ అద్దాలు చూశారు, ఆ వేళ్లు చూశారు. బావ వాళ్లను పక్కకు తీసుకెళ్లి, "పెద్దాయనండీ, మర్చిపోయి ఉంటాడు, ఏమీ అనకండి" అని బతిమాలాడు. అబద్ధం ఆడినందుకంటే ఆ జాలి ఒలకబోసినందుకే నాకు వాడి పీక పిసకాలనిపించింది. నాన్న రెండోసారి నోరు విప్పబోయాడు. గుమ్మం దగ్గర అక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నాన్న అక్కను చూశాడు, నోరు మూసుకున్నాడు.

షెడ్డు బావకు పోయింది. నేను నా పనిముట్లు సంచిలో వేసుకుని ఊరికి ఇంకో చివర, కలప డిపో వెనక చిన్న షెడ్డు పెట్టుకున్నాను. నాన్నను నాతో తెచ్చుకున్నాను. అక్కడ గోడ పక్కన ఒక పాత టైరు పడేసి ఉండేది, ఆయన పొద్దున్నే వచ్చి దాని మీద కూర్చునేవాడు. పానా ముట్టుకునేవాడు కాదు. "నాన్నా, ఈ జత ఒకసారి చూడు" అని అడిగితే "నా లెక్క ఎవరికి కావాలమ్మా" అనేవాడు. మూడేళ్లు ఆ టైరు మీద అలాగే కూర్చుని పోయాడు. బావను 'మీరు' అనడం నేను ఆ రోజే మానేశాను.

ఆ మూత దొరికితే చాలు. అందులో ఎవరి గుర్తు ఉంటే వాళ్లే వెనకది కూర్చినట్టు. అందుకే ఎనిమిదేళ్లుగా ఆ రకం బండి ఏది వచ్చినా మూత విప్పగానే ముందు లోపలి వైపు చూసేదాన్ని. షెడ్డు మనుషులు మంచి మూత పారెయ్యరు. తుక్కులో పడ్డా ఎవడో ఒకడు ఏరి, కడిగి, మేకుకు తగిలిస్తాడు, ఇంకో బండికి బిగిస్తాడు. దాని కోసం ఎన్ని మూతలు విప్పానో లెక్క లేదు. ఎవరెవరివో గుర్తులు కనిపించాయి, ఆ వారం తారీఖు పక్కన బాణం మాత్రం కనిపించలేదు.

ఈలోగా బావ పెద్దమనిషయ్యాడు. బాణం గుర్తునే షెడ్డు బోర్డు మీద వేయించాడు, తన బండి తలుపు మీద మూరెడు పొడుగున ఎర్ర రంగుతో వేయించాడు. క్లబ్బులో చేరి ఒక రూలు కూడా పెట్టించాడు. గేర్లు మార్చిన ఏ బండి అయినా పోటీకి ముందు రోజు అందరి ఎదుటా మూతలు విప్పాలి. పళ్లు లెక్కపెట్టి, మూతలోని రాత మైకులో చదవాలి. కూర్చినవాళ్లు పనిముట్లతో దగ్గరుండాలి. "ముసలి చేతుల్ని నమ్మి ఇంకొకరి కాలు పోకూడదు" అని ఆ మీటింగులో అన్నాడట. చదివే పనికి ఆ సర్వేయరునే కూర్చోబెట్టాడు. మా ఊళ్లో బండ్లవాళ్లందరూ ఆ రూలును తిట్టుకున్నారు. నూనె కార్చి, మూత విప్పి, మళ్లీ బిగించడమంటే సగం పూట పని. నేను తిట్టుకోలేదు. ఆ రూలు విన్న రోజు మా నాన్న టైరు మీద నేను కూర్చుని చీకటి పడేదాకా లేవలేదు.

మొన్న అక్క ఫోన్ చేసింది.

"ఏమే, మీ బావ బండికి ముప్పై ఏడు అంగుళాల టైర్లు వేయించాడు. గేర్లు మార్చాలట. షెడ్డులో గేర్లు కూర్చే ఒక్క చెయ్యీ పని మానేసి వెళ్లిపోయింది. పోటీ ఇంక మూడు వారాలే. నువ్వు చేసిపెట్టవే."

"ఊళ్లో గేర్లు కూర్చేవాళ్లు గొడ్డుపోయారా?"

"నీలాగా ఎవరూ చెయ్యరని ఆయనే అన్నాడు."

నవ్వొచ్చింది. అవసరం వస్తే వసుదేవుడంతటివాడే గాడిద కాళ్లు పట్టుకున్నాడు, మా బావెంత?

"సరే, పంపించు" అన్నాను.

"నాన్న మీద ఒట్టు పెట్టు. బండికి ఏమీ చెయ్యనని."

"నాన్న మీద ఒట్టు. బండికి ఏమీ చెయ్యను."

ఒట్టు పెట్టేశాను గానీ, ఆ రాత్రంతా నా వేళ్లు ఊరుకోలేదు. క్రౌను బోల్టులు పది ఉంటాయి, రెండు వదులుగా వదిలేస్తే చాలు. సందు కాస్త ఎక్కువ ఉంచితే చాలు. ఎలా చెయ్యకూడదో నాన్న నాకు ఎంత బాగా నేర్పాడంటే, చెడగొట్టడంలో నన్ను మించినవాళ్లు ఊళ్లో లేరు. కానీ అలా చేస్తే బావ మాటే నిజమవుతుంది. ఆ చెట్టు కాయే ఇదీ, ఆ చేతి కింద నేర్చిన చెయ్యే ఇదీ అంటారు. బావ కాలు విరిచే సంబరం కోసం నాన్న మీద పడ్డ నిందకు నేనే సాక్ష్యం చెప్పడమా? ఒట్టు కంటే ఆ ఆలోచనే నన్ను ఆపింది.

బావ బండి తనే నడుపుకుంటూ వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, నల్ల కళ్లజోడు. షెడ్డు నాలుగు మూలలూ చూసి, "చిన్నదైనా నీట్‌గా పెట్టుకున్నావ్ మరదలా" అన్నాడు.

"చిన్నది కాబట్టే నీట్‌గా ఉంది బావా. పెద్ద షెడ్డయితే ఏది ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియదు."

అర్థం కానట్టు నవ్వాడు. "ముందూ వెనకా నలభై ఒకటికి ఎనిమిది. పెట్టెలు వెనక సీట్లో ఉన్నాయి. నాన్న పేరు నిలబెట్టాలి మరి."

ఆ మాట అన్న నోటిని నేను చూస్తూ ఉండిపోయాను. తాళాలు నా చేతిలో పెట్టి, బయట ఆగిన ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

బండిని జాకీల మీద ఎత్తి, చక్రాలు లాగి, దీపం పట్టుకుని వెనక యాక్సిల్ కిందకు దూరాను. మూత దళసరి ఉక్కుది, ఇప్పుడు దొరకని పాతరకం. దాని కింది పెదవి మీద ఒక వెల్డింగు అతుకు ఉంది. నా చేతిలో దీపం కదలడం మానేసింది.

మా నాన్నది ఎడమ చేతి వాటం. వెల్డింగు చేస్తే అతుకు మీద తేలే పొలుసులు అందరివీ ఒకవైపుకు పడితే ఆయనవి ఇంకోవైపుకు పడేవి. ప్రమాదానికి ఏడాది ముందు సర్వేయరు బండి మూత రాయి తగిలి పగిలితే నాన్నే అతుకు వేశాడు. ఆ అతుకును నేను పక్కనే కూర్చుని బ్రష్షుతో రుద్దాను. ఇప్పుడు అదే అతుకు మీద నా బొటనవేలు పెట్టి రాశాను. పొలుసులు అటువైపుకే తిరిగి ఉన్నాయి.

బావ షెడ్డు మేస్త్రీకి ఫోన్ చేసి, ఊరికే అడిగినట్టు అడిగాను. "ఈ వెనక మూత బండితో వచ్చింది కాదే?"

"కాదక్కా. పాతది రాయి తగిలి చొట్టబడింది. ఇది ఎప్పుడో తుక్కులో పోతుంటే నేనే లాగి దాచాను. మంచి మూత కదా అని నాలుగేళ్ల కింద సారు బండికి నేనే బిగించా. ఏం, కారుతోందా?"

"లేదు. మంచి మూతే" అన్నాను.

నూనె కార్చి, పది బోల్టులూ విప్పి, మూతను బల్ల మీద వెల్లకిలా తిప్పి పెట్టాను. గుడ్డతో తుడిచాను. నల్లటి నూనె కింద నుంచి గీతలు ఒక్కొక్కటే తేలాయి. 39–8. సందు కొలత. రెండో తారీఖు, ఆ నెల, ఆ ఏడు. చివర బాణం.

లోపల నలభై ఒకటికి తొమ్మిది కూర్చి, మూత మీద ముప్పై తొమ్మిదికి ఎనిమిది అని గీకాడు. అంటే పళ్లు లెక్కపెట్టలేదు. పెట్టె చూసి రాసేశాడు. మా నాన్న బతుకంతా అరిచి చెప్పిన ఒక్క మాటను పెడచెవిన పెట్టాడు, అలవాటు కొద్దీ కింద తన బాణం మాత్రం గీకాడు.

బల్ల ముందు నిలబడి ఏడ్చాను. దుఃఖంతో కాదు, కసితో. ఆ మూతను నెత్తిన పెట్టుకుని వీధిలో పరుగెత్తాలనిపించింది. పరుగెత్తితే ఏమవుతుంది? "మరదలే గీకి ఉంటుంది, దానికి నేనంటే గిట్టదు" అంటాడు, నలుగురూ నమ్ముతారు. నా చేతిలో ఉన్నంతసేపూ అది వట్టి ఇనుప ముక్క. దాన్ని చదవాల్సింది నేను కాదు.

నాలుగు రోజులు ఆ బండి మీదే పనిచేశాను. ఇంత శ్రద్ధగా ఎవరి బండికీ చెయ్యలేదు. రెండు జతల పళ్లూ వేలితో మూడేసిసార్లు లెక్కపెట్టాను. పినియను వెనక వేసే పల్చటి షిమ్ములు మార్చి మార్చి, పళ్ల మీద పసుపు పేస్టు రాసి తిప్పి, అచ్చు పంటికి సరిగ్గా నడుమ పడేదాకా విప్పుతూ బిగిస్తూనే ఉన్నాను. వెనకదానికి పదకొండుసార్లు విప్పాను. పని ముగిశాక అదే మూతను తీసుకుని, పాత రాతకు పైన ఖాళీ చోట నా రాత గీకాను. 41–8, సందు, తారీఖు, సున్నా. పాతదాన్ని ముట్టుకోలేదు. అక్కకు పెట్టిన ఒట్టు ఒట్టే. బండికి నేను ఏమీ చెయ్యలేదు.

బావ వచ్చి నడిపి చూశాడు. "చప్పుడే లేదు మరదలా! వెన్నలా ఉంది" అన్నాడు.

"మొదటి ఎనిమిది వందల కిలోమీటర్లు మెల్లగా నడుపు. వేడెక్కితే ఆపి చల్లారనివ్వు. అప్పుడు నూనె మార్చు. కింది కన్నంలోంచి కార్చు, మూత మాత్రం విప్పకు."

"నువ్వు చెప్పాక తప్పుతుందా" అని మర్యాదగా చెయ్యి ఊపి వెళ్లాడు.

పోటీ ముందు రోజు పొద్దున్నే మైదానానికి వెళ్లాను. పాతిక బండ్లు, రెండు వందల మంది జనం. టెంటు కింద బల్ల, బల్ల వెనక సర్వేయరు. కట్టుడు కాలు ముందుకు చాపి, భూతద్దం, మైకు పట్టుకుని కూర్చున్నాడు. విప్పిన ప్రతి మూతా ఆయన ముందుకు వస్తుంది, చదువుతాడు, ఇంకొకరు యాక్సిల్లో పళ్లు లెక్కపెట్టి అవునంటారు. నేను ఎదురుపడినా ఆయన నా మొహం చూడడు. ఎనిమిదేళ్లుగా అంతే.

బావ బండి వంతు వచ్చింది. అక్క కూడా వచ్చి, కాస్త ఎడంగా నీడలో నిలబడింది. ముందు యాక్సిల్ మూత విప్పి బల్ల మీద పెట్టాను.

"నలభై ఒకటికి ఎనిమిది. సరిపోయింది" అన్నాడు సర్వేయరు మైకులో.

బావ చుట్టూ చూసి చిరునవ్వు నవ్వాడు. నేను వెనక యాక్సిల్ కింద పళ్లెం పెట్టి నూనె కార్చాను. మొదటి బోల్టు విప్పేసరికి, ఎవరికో ఏదో చూపించబోయి బావ వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. ఎనిమిదేళ్లలో తన బండి కిందకు చూడటం అదే మొదటిసారేమో. ఆ ఎడమ చేతి అతుకు వాడికి మాత్రం తెలియదా?

"ఇంక చాలులే. ముందుది చూశారుగా. మా మరదలే పెట్టింది, నాకు నమ్మకం ఉంది" అన్నాడు గట్టిగా.

"నీ రూలే బావా. నమ్మకాలు వద్దనేగా పెట్టావు" అన్నాను. నా చేతులు ఆగలేదు.

"విప్పండి విప్పండి, మా అందరివీ విప్పించావు కదన్నా" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు.

పదో బోల్టు ఊడింది. మూతను నేనే తుడిచి, నేనే మోసుకెళ్లి బల్ల మీద పెట్టాను.

"నలభై ఒకటికి ఎనిమిది" అని చదివాడు సర్వేయరు. "సరిపోయింది. ఇక్కడ కింద ఇంకోటి ఉంది. పాతది. ముప్పై తొమ్మిదికి ఎనిమిది. రెండో తారీఖు..."

ఆగిపోయాడు. భూతద్దం దగ్గరకు పెట్టి మళ్లీ చూశాడు. మూతను తిప్పి, అంచు మీది అతుకును వేలితో తడిమాడు.

"ఈ అతుకు నా బండిది. దగ్గరుండి వేయించుకున్నాను" అన్నాడు. మైకు నోటి దగ్గరే ఉందన్న సంగతి మర్చిపోయాడు, ఆయన ఊపిరి కూడా అందరికీ వినిపిస్తోంది. "మూడో తారీఖున బండి తీసుకెళ్లాను. అయిదో తారీఖున నా కాలు పోయింది. ఈ బాణం ఎవరిది?"

రెండు వందల తలలు ఒకేసారి బండి తలుపు వైపు తిరిగాయి. ఎర్ర బాణం మూరెడు పొడుగున ఎండలో మెరుస్తోంది.

"అదీ... నేను కాదు... అప్పుడు షెడ్డులో ఎవరుపడితే వాళ్లు నా గుర్తు..." అన్నాడు బావ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, నిజంగానే వాడి చెయ్యి వాడి భుజం మీదకు పోయింది.

"మూత కొండ మీద పడిపోయిందన్నావు" అన్నాడు సర్వేయరు. "వెనకది మీ మామ పెట్టాడన్నావు. నా మంచం పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని చెప్పావు."

బావ నోరు తెరిచాడు. బతుకంతా అన్నం పెట్టిన నోరు, మొదటిసారి దానికి మాట దొరకలేదు.

సర్వేయరు కర్ర మీద లేచి నా వైపు తిరిగాడు. "మీ నాన్నగారు పోయినప్పుడు నాకు కబురు వచ్చిందమ్మా. కోపంతో నేను రాలేదు."

తల ఊపాను. ఆయన మళ్లీ కూర్చుని మైకు అందుకున్నాడు.

"బండి పాసయింది. గేరు పనిలో వంక పెట్టడానికి లేదు. డ్రైవరు సంగతి క్లబ్బు తేలుస్తుంది."

నాకు హాయిగా ఉంది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, చల్లటి మజ్జిగ తాగినంత హాయిగా ఉంది. అసలు విందు ఆ తర్వాత మొదలయింది. బావ అక్కడి నుంచి పారిపోవాలనుకున్నాడు. తాళాలు తీసుకుని బండి దాకా పోయాడు కూడా. యాక్సిల్ కడుపు తెరుచుకుని ఉంది, నూనె పళ్లెంలో ఉంది, మూత బల్ల మీద ఉంది. "ఎవరన్నా బిగించండిరా" అన్నాడు. తన షెడ్డు పనివాళ్లు నేల చూశారు. మూతను తుక్కులోంచి లాగిన మేస్త్రీ అయితే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. నేను పానా, గ్యాస్కెట్ గమ్ము ట్యూబు తీసుకెళ్లి బావ చేతిలో పెట్టి, పక్కనున్న టైరు మీద కూర్చున్నాను. తెల్ల చొక్కాతో బావ బండి కిందకు దూరాడు. పది బోల్టులు ఒక్కొక్కటే, జనమంతా చూస్తుండగా.

అక్క వచ్చి నా పక్కన నిలబడింది. బండి కింద నుంచి బయటికి వచ్చిన మొగుడి కాళ్లు చూస్తూ, చిన్న గొంతుతో అంది.

"నాకు తెలుసే."

నేను తలెత్తలేదు.

"క్లబ్బు పెద్దలు వచ్చి వెళ్లిన రాత్రే నాకు చెప్పి ఏడ్చాడు. నేను వెళ్లి నాన్నకు చెప్పాను. నలుగురిలో చెప్పేస్తానన్నాను. నాన్నే వద్దన్నాడు. నీ కాపురం చూసుకో అన్నాడు."

ఎనిమిదేళ్లు. నేను మూతలు విప్పుకుంటూ ఊరంతా వెతికింది మా అక్క కడుపులో ఉంది. నాన్న టైరు మీద కూర్చున్న మూడేళ్లూ పండ్లు పట్టుకుని చూడ్డానికి వచ్చేది, ఆయన కాళ్ల దగ్గర కూర్చుని వెళ్లేది. కడుపులో హాయి అంతా ఒక్కసారిగా పుల్లబడింది. టైరు మీద ఇంకో మనిషికి చోటుంది. అక్క కూర్చోవాలని చూసింది. నేను జరగలేదు.

బావ బయటికి వచ్చాడు. చొక్కా నిండా నూనె, చెంప మీద గమ్ము. నూనె డబ్బా అందుకోబోయాడు.

"గమ్ము ఆరకుండా పోస్తే కారుతుంది" అన్నాడు మేస్త్రీ, ఎవరితోనో అన్నట్టు.

ఆ సంగతి నాన్న శిష్యుడికి తెలియకపోలేదు. డబ్బా కింద పెట్టి, జనాన్ని ఒకసారి చూసి, నా దగ్గరకు వచ్చాడు. "ఎంతసేపు ఆగాలి?" అన్నాడు మెల్లగా.

నేను నోరు తెరిచేలోపే అక్క అంది. అక్క మొగుడి ముందు గొంతు ఎత్తగా నేనెప్పుడూ వినలేదు.

"గంట. మా నాన్న మూడేళ్లు కూర్చున్నాడు. మీరు గంట కూర్చోండి."

బావ చుట్టూ చూశాడు. కుర్చీ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. తన బండి పక్కనే, ఎర్ర బాణం కింద, మట్టిలో కూర్చున్నాడు.

నేను టైరు మీద కొంచెం జరిగాను.